మందుల మోసములు, ఒక న్యాయవాది: ఛార్లెసు ఎవాన్సు హ్యూసు మహాశయుని చరిత్రము

మహాసభా సంచికలలో మన కులపెద్దల చరిత్రములను బ్రకటించుట పరిపాటియై యున్నది. అది యుచితమే. ఐనను మాకు లభించిన యీ కొలది పుటలలో మేము పరదేశీయుడగు నొక న్యాయవాది చరిత్రమును వ్రాయబూనితిమి. ఇందులకు గారణము లేకపోలేదు. దాతలు విద్యానిధికి సమర్పించిన ధనముతో జదువుకొన్న మన బిడ్డలలో ననేకులు వైద్యవృత్తిని గాని న్యాయవాద వృత్తిని గాని యవలంబించుచున్నారు. ఆ రెండు వృత్తులును గలిసికొను తావొకటి కలదు. రోగి భయమును మూలధనముగా జేసికొని వ్యాపారము సాగించువానిని సర్కారు వకీలు న్యాయస్థానమున నిలబెట్టు తావది. అచ్చట నబద్ధమేదియో, అభిప్రాయమేదియో వేఱుపఱచి చూపుట మిక్కిలి కష్టము. హ్యూసు మహాశయుడు మోసమును బట్టుకొను విద్యను మొదట ప్రజాపక్షపు న్యాయవాదిగా నేర్చెను. ఆ విద్యనే న్యాయమూర్తియై మందుల వ్యాజ్యములందు వినియోగించెను. తుదకు రోగపీడితులగు బిడ్డలకు దండ్రియై యా కష్టమెట్టిదో యింటనే చవిచూచెను.

ఈయన 1862వ సంవత్సరము ఏప్రిలు 11వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు రాష్ట్రమున గ్లెన్సుఫాల్సు అను నూర జన్మించెను. తండ్రి డేవిడ్ ఛార్లెసు హ్యూసు వేల్సు దేశమునుండి 1855లో వలసవచ్చిన క్రైస్తవ మతబోధకుడు. తల్లి మేరీ కేథరీను పెండ్లికి బూర్వము బడిపంతులమ్మ. వారికీతడొక్కడే సంతానము. మూడున్నర యేండ్లకే చదువనేర్చిన యీ బాలుడు, బడిలో జెప్పినదే మరల మరల జెప్పుట సహింపజాలక, తన చదువున కొక క్రమమును దానే కాగితముపై వ్రాసి తండ్రికి జూపి, యింటనే చదువుకొనుటకు సెలవు పొందెను. పదునాలుగవ యేట కళాశాలలో జేరి, 1881లో బ్రౌను విశ్వవిద్యాలయమున బట్టము నందెను. కుమారుడు తమవలెనే మతబోధకుడు కావలెనని తలిదండ్రుల కోరిక. కుమారుని మనస్సు ధర్మశాస్త్రముపై నుండెను. ధనము చాలనందున గొంతకాలము న్యూయార్కు రాష్ట్రములోనే ఢిల్లీ యను పేరుగల చిన్న యూర గ్రీకు, లాటిను భాషలను, బీజగణితమును బోధించెను. మన రాజధాని పేరు దాల్చిన యా యూరిలోనే ఆయన తీరిక వేళల న్యాయశాస్త్రపు బుస్తకములు తిరుగవేయ నారంభించెను. 1884లో కొలంబియా న్యాయకళాశాలలో గృతార్థుడై, న్యాయవాద పరీక్షలో నూటికి 99½ గుణములు సంపాదించెను. 1888లో తన కార్యాలయపు బెద్దయగు కార్టరు గారి కుమార్తె ఆంటోనెట్టును వివాహమాడెను. వీరికొక కుమారుడును ముగ్గురు కుమార్తెలును గలిగిరి. రెండేండ్లు కార్నెలు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమును బోధించి, మరల న్యూయార్కు నగరమునకు వచ్చి వ్యవహారములు చూచుకొనుచుండెను.

నలుబదియేండ్లు దాటువఱకు నీయన పేరు న్యాయవాదులకు దప్ప నితరులకు దెలియదు. 1905లో న్యూయార్కు శాసనసభవారు దీపపు వాయువును సరఫరా చేయు కంపెనీలపై విచారణకొక సంఘమును నియమించి, దానికి హ్యూసును న్యాయవాదిగా బెట్టుకొనిరి. ఈయన కంపెనీ లెక్కల పుస్తకములను దెప్పించి, రాత్రులు మేల్కొని చదివి, పగలు సాక్షులను బ్రశ్నించెను. పెట్టిన మూలధనమెంత, పెట్టినట్లు వ్రాసికొన్న మూలధనమెంత యను రెండంకెలను బ్రక్కప్రక్కల జూపుటయే యాయన చేసిన పని. ఆ విచారణకు బిమ్మట వాయువు ధర వేయి ఘనపుటడుగులకు డాలరునుండి 80 సెంట్లకు దగ్గింపబడినది.

అదే యేడు మఱియొక పెద్ద పని యీయన నెత్తికి వచ్చెను. అమెరికాలో జీవితబీమా కంపెనీలు మూడు మహాసంస్థలుగా బెరిగి, లక్షలాది కుటుంబముల సొమ్మును దమ చేతులలో నుంచుకొనియుండెను. ఈక్విటబులు, మ్యూచ్యువలు, న్యూయార్కు లైఫు అనునవి యవి. ఈక్విటబులు కంపెనీ పెద్దలు తమలోదాము కలహించుకొనగా, లోపలి గుట్టు పత్రికలకెక్కెను. సెనేటరు ఆర్మ్‌స్ట్రాంగు అధ్యక్షతను శాసనసభ విచారణసంఘమేర్పడెను. హ్యూసు అప్పుడు ఐరోపాలో బర్వతప్రాంతమున విశ్రాంతి దీసికొనుచుండగా గబురు పోయెను. విశ్రాంతి మాని తిరిగివచ్చెను. 1905 సెప్టెంబరు 6 మొదలు డిసెంబరు 30 వఱకు 57 బహిరంగ సమావేశములు జరిగినవి.

ఆ సమావేశములలో హ్యూసు ఒక్కనాడును గొంతెత్తి మాటాడలేదు. సాక్షిని నిందింపలేదు. పద్దు పుస్తకమును దెఱచి, యీ పద్దు దేనికని యడుగును, జవాబు వచ్చును, దానికి దరువాతి పద్దు దేనికని యడుగును. ఇట్లు సాగినకొలది, న్యాయవ్యవహారముల ఖర్చని వ్రాసిన పద్దులు శాసనసభ్యులను లోబఱచుకొనుటకై పంపిన సొమ్మని తేలెను. మ్యూచ్యువలు అధ్యక్షుని జీతము సంవత్సరమునకు 1,50,000 డాలర్లనియు, ఆయన కొడుకునకును అల్లునకును దళాళీ పేరిట వేఱుగా విస్తారధనము ముట్టుచుండెననియు బయలుపడెను. న్యూయార్కు లైఫు కంపెనీ ఉపాధ్యక్షుడగు పెర్కిన్సు, మోర్గను బ్యాంకులోను భాగస్వామి. కంపెనీ తన యొద్దనున్న 8 లక్షల డాలర్ల నావికా బాండ్లను 1903 డిసెంబరు 31వ తేదీని ఆ బ్యాంకునకమ్మినట్లును, 1904 జనవరి 2వ తేదీని దిరిగి కొన్నట్లును లెక్కలలో నుండెను. సంవత్సరాంతపు బట్టికలో నా బాండ్లు కనబడకుండుటకై చేసిన యుపాయమది. అమ్మినవాడును గొన్నవాడును నొక్కడే! హ్యూసు ఆ సంగతిని వ్యాఖ్యానములేకయే సాక్షినోటనే రాబట్టెను. రిపబ్లికను పక్షపు నధ్యక్షపుటెన్నికకై యా కంపెనీయే 48 వేల డాలర్లకు బైగా నిచ్చెననియు నట్లే రాబట్టెను. హ్యూసు స్వయముగా రిపబ్లికను పక్షమువాడని చదువరులు గమనింపవలయును. విచారణ నడుచుచుండగనే యా పక్షమువా రీయనను న్యూయార్కు నగరాధిపతి పదవికి నిలువబెట్టజూచిరి. పని సగములో విడువజాలనని యాయన నిరాకరించెను.

పాలసీదారులకు జరిగిన యన్యాయములలో మాకు మిక్కిలి కఠినముగా దోచినది వాయిదా లాభముల పద్ధతి. లాభము సంవత్సరమునకొకతూరి యీయక, యిరువదియేండ్లు కూడబెట్టి తరువాత నిత్తుమనిరి. నడుమ వాయిదా చెల్లింపలేక పాలసీ తప్పినవాని వాటా మిగిలినవారిది. ఆ మిగిలినవాటికి గూడ నెవ్వరికిని లెక్క చెప్పనక్కఱలేదు. కూడబెట్టిన యా రాశియే కంపెనీ పెద్దల విలాసములకును రాజకీయములకును నాధారమయ్యెను. 1906లో జేసిన చట్టములు ఆ పద్ధతిని మాన్పించి, లాభములు ఏటేట బంచవలయుననియు, బీమా సొమ్ము ఎన్నికలకీయగూడదనియు శాసించినవి. విధవలకును దిక్కులేని బిడ్డలకును జేరవలసిన ధనమునకిది కొంత కావలియయ్యెను.

ఆ కీర్తితో హ్యూసు 1906లో రాష్ట్రపాలక పదవికి నిలిచి, పత్రికాధిపతియగు హర్‌స్టును నోడించెను. ఆ యేడు ఆ పక్షపు జాబితాలో రాష్ట్రవ్యాప్తముగా గెలిచినవా డీయనయొక్కడే. 1907 ఆగస్టు 19వ తేదీని ఆల్బనీలోని రాష్ట్రపాలకుని భవనమున నాయనకు గడపటి కుమార్తె ఎలిజబెత్తు జన్మించెను. ఈ బిడ్డను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. 1910లో అధ్యక్షుడు టాఫ్టు ఈయనను దేశపు సర్వోన్నత న్యాయస్థానమునకు న్యాయమూర్తిగా నియమించెను. మోసమును బట్టిచ్చుచుండిన న్యాయవాది యిక మోసమన నేమియో నిర్ణయింపవలసిన పీఠముపై గూర్చుండెను.

అప్పటి యమెరికాలో మందుల వ్యాపారమెట్లుండెనో కొంచెము చెప్పవలసియున్నది. పత్రికలు తెఱచినచో సగము పుట సర్వరోగనివారిణుల ప్రకటనలే. సారాయియు నల్లమందును గలిపిన సీసాలు పసిపిల్లల యేడ్పు మాన్పునని యమ్ముడుపోవుచుండెను. సీసాపై లోపలి వస్తువేదో వ్రాయవలెనను నిర్బంధము లేదు. ప్రభుత్వ రసాయనశాస్త్రజ్ఞుడగు హార్వే వైలీ యేండ్లతరబడి దీనిపై బోరాడెను. 1905లో సామ్యూలు హాప్కిన్సు ఆడమ్సు అను పత్రికారచయిత కోలియర్సు పత్రికలో నీ మోసములను వరుసగా బ్రకటించెను. 1906 జూను 30వ తేదీని ఆహారౌషధముల చట్టమునకు అధ్యక్షుడు రూజువెల్టు సంతకము చేసెను. లేబులుపై నబద్ధము వ్రాసి రాష్ట్రమునుండి రాష్ట్రమునకు మందు పంపుట నేరమయ్యెను. పూర్వము దిక్కులేకుండిన సర్కారు వకీళ్లకు జేతికొక యాయుధము దొరకినట్లే యందఱును భావించిరి.

ఆ యాయుధపు పదును 1911లో బరీక్షకు వచ్చెను. మిస్సోరి రాష్ట్రములోని కాన్సాసు నగరమున జాన్సను అనునతడు కాన్సరు వ్యాధికి, అనగా మనవారు రాచపుండనుదానికి, చికిత్సయని కొన్ని మాత్రలను మందునీళ్లను నమ్ముచుండెను. ఆ మందులు ఆ వ్యాధికి బొత్తిగా బనికిరానివనియు, ఆ సంగతి యతనికి దెలిసియుండెననియు సర్కారువా రభియోగము తెచ్చిరి. విచారణకు బూర్వమే ప్రతివాది యొక యాక్షేపణ చేసెను. అభియోగములోని మాటలన్నియు నిజమేయనుకొన్నను ఈ చట్టప్రకార మది నేరము కాదని యతని వాదము. క్రింది న్యాయస్థానము దాని నంగీకరించెను. సర్కారువారు సర్వోన్నత న్యాయస్థానమునకు బోయిరి.

1911 మే 29వ తేదీని దీర్పు వెలువడెను. హోమ్సు మహాశయుడు బహుసంఖ్యాకుల పక్షమున వ్రాసెను. హోమ్సు సామాన్యుడు కాడు. ఆ దేశపు న్యాయమూర్తులలో బ్రథమగణ్యుడు. ఆయన యభిప్రాయము ప్రకారము చట్టము వారించినది వస్తువును గూర్చిన యసత్యమును మాత్రమే. లోపల నల్లమందుండగా లేదని వ్రాసిన నేరము. ఆ వస్తువు రోగమును గుదుర్చునని వ్రాసిన నేరము కాదు. వైద్యములో నభిప్రాయములు పలువిధములు. వానిలో నేది సరియో తేల్చు బాధ్యతను శాసనసభ క్రిమినలు న్యాయస్థానములపై బెట్టియుండదని యాయన తలంచెను. దీనికి మునుపే 1902లో మానసిక శక్తిచే రోగములు కుదుర్తుమను నొక విద్యాలయము విషయమున నదే న్యాయస్థానము అట్టి మాటలు అభిప్రాయములేయని చెప్పియుండెను.

హ్యూసు దీనికి సమ్మతింపక, హార్లను, డే యను నిరువురు న్యాయమూర్తులు తనతో గూడిరాగా, భిన్నాభిప్రాయమును వ్రాసెను. బెంచిపై నాయన కది మొదటి సంవత్సరము. వైద్యులలో నభిప్రాయభేదములున్నవని యాయన యొప్పుకొనెను. నిజముగా నమ్మి చెప్పినవానిని శిక్షింపరాదని యొప్పుకొనెను. కాని యభిప్రాయమునకు దావేలేని చోటు గూడ నుండునని యాయన వాదము. మాటవరుసకు మేమొక దృష్టాంతము చెప్పెదము: నూతినీటిని సీసాలో బోసి రాచపుండు మానునని చీటి యంటించినవాడు తన యభిప్రాయమును జెప్పుచున్నాడందుమా? పనికిరాదని తెలిసియు బనికివచ్చునని చెప్పుట యొక వాస్తవమును గూర్చిన యబద్ధమే. అట్టి యబద్ధమును జట్టము విడిచిపెట్టినదని చదువుటకు దానిలోని మాటలు నిర్బంధింపవని హ్యూసు నిరూపించెను. బీమా కంపెనీ పద్దుల నడుమ నాలుగు నెలలు గడిపినవానికి, మనసులో నొకటియుంచుకొని కాగితముపై వేఱొకటి వ్రాయుటను సాక్ష్యముచే రుజువు చేయవచ్చునని తెలియును. హోమ్సునకు లేనిదియు హ్యూసునకున్నదియు నీ యనుభవమే యని మా యూహ.

ఓడిన యభిప్రాయమైనను నది వృథా కాలేదు. తీర్పు వెలువడిన నెల తిరుగకముందే, జూను 21వ తేదీని అధ్యక్షుడు టాఫ్టు శాసనసభకు సందేశమంపి చట్టమును సవరింపుడని కోరెను. కెంటక్కీ ప్రతినిధియగు షెర్లీ ప్రతిపాదించిన సవరణ 1912 ఆగస్టు 23వ తేదీని జట్టమయ్యెను. మందు గుణమును గూర్చి అసత్యమును మోసపూరితమునగు వ్రాత యుండుట నేరమని యది చెప్పినది. ఆ రెండు విశేషణములును గలిసియుండవలయును. ఆ సంగతికి ముందు మరల వత్తుము.

సవరణకు బరీక్ష 1916లో వచ్చెను. ఈ వ్యాజ్యములో బ్రతివాదులు మనుష్యులు కారు, ఏడు పెట్టెలు. ఆ దేశపు బద్ధతిలో దొంగసరకు నిర్బంధించునప్పుడు వ్యాజ్యమును సరకుమీదనే తెత్తురు. ఎక్‌మను ఆల్టరేటివు అను మందు పెట్టెలు చికాగోనుండి ఓమహా నగరమునకు బోవగా, నచ్చట సర్కారువారు పట్టుకొనిరి. పెట్టెలో నుంచిన కరపత్రమున నా మందు న్యుమోనియాను రానీయదనియు, క్షయరోగమును గుదిర్చినది, కుదుర్చుననియు దెలుపబడియుండెను. నాటికి క్షయకు మందులేదు. నిర్మలమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమగు నాహారము, వీనియందే వైద్యులకాశ. సీసాను నమ్మి యానుపత్రికి బోక యింటనుండినవాడు తన యూపిరినే గాక తన యింటివారి యూపిరిని గూడ గోల్పోవుచుండెను. మన యూళ్లలో క్షయ యేమేమి చేసినదో యెఱిగిన పెద్దలకు దీనిని వివరింప నక్కఱలేదు.

కంపెనీ తరఫున వాదములు నేర్పుగనే సాగెను. కరపత్రము పెట్టెలోపల నున్నది గాని సరకుపై లేదనిరి. రోగము కుదురుననుట యభిప్రాయమే గావున శాసనసభ దానిని వారింపజాలదనిరి. చట్టపు మాటలు అస్పష్టములనిరి. జనవరి 10వ తేదీని న్యాయస్థానము పక్షమున దీర్పు వ్రాసినవాడు హ్యూసే. ఐదేండ్ల క్రింద నోడిన పక్షపు గలమే యిప్పుడు న్యాయస్థానపు గలమయ్యెను. పెట్టెతోగూడ నడిచిన కరపత్రము వాణిజ్యములో భాగమే యనెను. అభిప్రాయముల క్షేత్రము విశాలమని యెఱిగియే శాసనసభ మోసమను మాట చేర్చినదనియు, మోసగింపదలచిన యుద్దేశమును ఇతర వ్యాజ్యములందువలె నిందును సాక్ష్యముచే రుజువు చేయవచ్చుననియు జెప్పి, చట్టమును నిలబెట్టెను. ఏడు పెట్టెలకు వ్యతిరేకముగా జరిగిన తీర్పు స్థిరపడెను.

ఆ సంవత్సరముననే జూనులో హ్యూసు న్యాయమూర్తి పదవిని విడిచి దేశాధ్యక్ష పదవికి నిలిచెను. కాలిఫోర్నియా రాష్ట్రమున నాలుగువేలకు లోబడిన యోట్ల తేడాతో నోడిపోయి, తన్మూలమున దేశమంతటను 254కు 277 ప్రతినిధి యోట్లతో విల్సనునకు దావిచ్చెను. 1918లో, తన్నోడించిన విల్సను ప్రభుత్వమే కోరగా, యుద్ధ విమానముల నిర్మాణములో జరిగిన యక్రమములపై విచారణకు సర్కారు పక్షమున బనిచేసెను. 1921 మొదలు 1925 వఱకు విదేశాంగ మంత్రియై, వాషింగ్టనులో నౌకాదళముల పరిమితికై మహాసభను నడిపెను. వీనినన్నిటిని విస్తరించి వ్రాయ నితరులు కలరు.

మేము వ్రాయదలచినది యింటి సంగతి. క్షయమందు పెట్టెలపై దీర్పు వ్రాసిన నాలుగేండ్లకు, 1920లో, హ్యూసు పెద్దకుమార్తె హెలెను క్షయరోగముచేతనే మరణించెను. ఆమెకు నిండ ముప్పదియేండ్లు లేవు. దేశములోని వైద్యులెల్ల నందుబాటులోనున్నను, లేని మందు నెవరీయగలరు?

అప్పటికే యింటిలో రెండవ వ్యాధి ప్రవేశించియుండెను. 1919లో, పదునొకండేండ్ల ప్రాయమున, చిన్నకుమార్తె ఎలిజబెత్తునకు మధుమేహము బయలుపడెను. ఆనాడు పిల్లలకా వ్యాధి వచ్చుటయన మరణశాసనమే. డాక్టరు అల్లెను అను ప్రసిద్ధవైద్యుడు రోగిని మితమించిన పథ్యముతో, నిజము చెప్పవలెనన్న నాకలితో, బ్రతికించు పద్ధతిని నడుపుచుండెను. ఆ పద్ధతి రోగమును గుదర్చదు, దినములను బొడిగించును. అల్లెను ఆ సంగతిని దాచలేదు. ఎలిజబెత్తు మూడేండ్లకు బైగా ఆకలితో బ్రతికి, 1922 ఆగస్టు నాటికి 45 పౌండ్ల బరువునకు దిగెను. పదునైదేండ్లు నిండవచ్చిన పిల్లకు నాఱేడేండ్ల పిల్ల బరువు!

మధుమేహమును గుదుర్తుమను సీసాలు నాటి యంగళ్లలో లేకపోలేదు. తలిదండ్రుల యాతురతయే యట్టివారి యంగడి. హ్యూసు దంపతులు మాత్రము వైద్యుడు చెప్పిన పథ్యమునే పట్టుకొని, పరిశోధనాలయములవైపు చూచుచుండిరి. 1921లో కెనడాదేశపు టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును గనుగొనిరి. తల్లి ఆంటోనెట్టు బాంటింగునకు జాబు వ్రాసెను. ఎలిజబెత్తును టొరాంటోకు గొనిపోగా, 1922 ఆగస్టు 16వ తేదీని చికిత్స మొదలయ్యెను. కొలది దినములకు దండ్రి రాచకార్యముపై బ్రెజిలు దేశమునకు బోవలసివచ్చెను. బిడ్డ దాదితో టొరాంటోలో నుండిపోయెను. రొట్టెయు బాలును మరల రుచిచూచెను. నవంబరు చివరకు బరువెక్కి యిల్లు చేరెను.

ఉన్నతోద్యోగి కూతురగుటచేతనే యామెకు మందు ముందుగా దక్కినదేమోయని ప్రశ్నించినవారు కలరు. అప్పుడు ఇన్సులిను దొరకుట గగనమే; ఎందఱో తలిదండ్రులు జాబులు వ్రాసి, జవాబు రాకమునుపే బిడ్డలను గోల్పోయిరి. ఈ ప్రశ్న న్యాయమైనదే యని మా యభిప్రాయము. దానికి దృప్తికరమగు సమాధానము మాకు గనబడదు.

చదువరులొక్కటి విచారింపవలెను. 1922లో నొక సామాన్యునికి రెండు కాగితములు చూపినామనుకొందము. ఒకటి మధుమేహమును గుదుర్తుమను సీసా వ్యాపారి కరపత్రము. రెండవది టొరాంటో పరిశోధకుల వార్త. రెండును నమ్మశక్యము కానివే. భేద మెచ్చట నున్నది? టొరాంటోవారు మందుకు ముందును బిమ్మటను రక్తములోని చక్కెరను గొలిచి లెక్క వ్రాసిరి. ఆ లెక్కను దోడిశాస్త్రజ్ఞుల ముందుంచిరి. కుదురునని చెప్పక, బ్రతికినన్నినాళ్లును మందు పుచ్చుకొనవలయునని చెప్పిరి. పేటెంటు హక్కును దలకొక డాలరునకు విశ్వవిద్యాలయమునకు విడిచిరి. కరపత్రమువాడు లెక్క చూపడు. పద్దు పుస్తకము తెఱచిచూపుమని యడిగిన న్యాయవాదికే తెలియవలసిన భేదమిది.

ఇక షెర్లీ సవరణలోని లోపము. మోసపూరితమను మాట చేరినందున, వ్రాత యబద్ధమని రుజువు చేసిన జాలదు. వ్రాసినవాడబద్ధమని యెఱిగియే వ్రాసెనని గూడ సర్కారు వకీలు రుజువు చేయవలెను. ఈ మాటకు గొంత బాధ్యత హ్యూసు వాదమునకే కలదు. తెలిసి చెప్పిన యబద్ధమును మాత్రమే పట్టుకొనవలెనని చెప్పినవాడాయనయే గదా. దీని ఫలము మధుమేహపు మందు విషయముననే బయలుపడెను. బాన్‌బారు అను పేర నొక కలుపుమొక్క కషాయమును పిట్సుబర్గు నగరమునుండి మధుమేహమునకు మందని యమ్ముచుండిరి. అప్పటికి ఇన్సులిను దుకాణములలో దొరకుచునేయున్నది. మందు పనిచేసినదని రోగులు వ్రాసిన ప్రశంసాలేఖలను వ్యాపారి న్యాయస్థానమున జూపెను. సర్కారువారు ఒక్కొక్క లేఖ ప్రక్కన నా లేఖ వ్రాసినవారి మరణ ధ్రువపత్రమును బెట్టిరి. ఐనను జూరీవారు వ్యాపారి పక్షముననే తీర్పు చెప్పిరి. అతడు తన మందును నమ్మియుండవచ్చునట! 1933లో ప్రభుత్వమువారు ప్రజలకు జూపుటకై యేర్పఱచిన ప్రదర్శనములో నా సీసాయు, లేఖలును, మరణపత్రములును నొక్కచోట నుంచబడినవి.

1937లో సల్ఫనిలమైడు ద్రవము త్రాగి నూఱుమందికి బైగా జనులు, అందు బెక్కుమంది పసివారు, మరణించినగాని చట్టము మారలేదు. 1938 చట్టముతో వ్రాత యబద్ధమైన జాలును. వ్రాసినవాని మనస్సులో నేముండెనో సర్కారు వకీలు తవ్వనక్కఱలేకపోయెను. మన దేశమున 1940లో మందుల చట్టమును, 1954లో మందులు, ఇంద్రజాల చికిత్సల యాక్షేపణీయ ప్రకటనల చట్టమును వచ్చినవి. ఈ రెండవ చట్టపు బట్టికలో నెవరును మందున్నదని ప్రకటింపగూడని వ్యాధులు పేర్కొనబడినవి. కాన్సరు, క్షయ, మధుమేహము మూడును నందున్నవి. ఆ పట్టికను మన విద్యార్థివసతిగృహములో వ్రేలగట్టించిన బాగుండునని మాకు దోచుచున్నది. అమెరికాలో నేడు మోసపు రూపము మారినది. 1965లో వృద్ధులకై ప్రభుత్వ వైద్యసాయ పథకమేర్పడిన తరువాత, దొంగమందుకన్న దొంగబిల్లు లాభకరమయ్యెను. చేయని చికిత్సకు సొమ్ము రాబట్టువారిపై సర్కారు వకీళ్లు ప్రయోగించు ముఖ్యాయుధము, 1863లో లింకను కాలమున యుద్ధసామగ్రి గుత్తదారుల మోసములను బట్టుటకు జేసి 1986లో బలపఱచిన చట్టము. చేసిన చికిత్స యేది, వ్రాసిన చికిత్స యేది యని రెండంకెలను బ్రక్కప్రక్కల జూపుటయే యిప్పటికిని వారి పని.

హ్యూసు 1930లో దేశపు బ్రధాన న్యాయమూర్తియయ్యెను. ఆయన కుమారుడప్పుడు సర్వోన్నత న్యాయస్థానమున బ్రభుత్వము తరఫున వాదించు ప్రధాన న్యాయవాదిగా నుండెను. తండ్రి యెదుట గొడుకు వాదించుట తగదని కుమారుడు పదవిని వదలుకొనెను. 1937లో అధ్యక్షుడు ఫ్రాంక్లిను రూజువెల్టు న్యాయమూర్తుల సంఖ్యను బెంచి న్యాయస్థానమును వశపఱచుకొనజూడగా, హ్యూసు లెక్కలతోగూడిన యొక్క జాబుతో నా యత్నమునకు బలము దీసెను. 1941లో విరమించెను. 1945లో భార్యను గోల్పోయెను. 1948 ఆగస్టు 27వ తేదీని, 86వ యేట, మసాచుసెట్సు రాష్ట్రమున సముద్రతీరమందలి ఆస్టర్విల్లులో దనువు చాలించెను.

ఎలిజబెత్తు కళాశాలలో జదివి 1929లో బట్టమునంది, మరుసటియేడు గాసెట్టు అను న్యాయవాదిని వివాహమాడి, ముగ్గురు బిడ్డలను గనెను. తన వ్యాధిని గూర్చి పైవారితో నెన్నడును జెప్పలేదు. సుమారు 42 వేల సూదిమందులు పుచ్చుకొని, 73 యేండ్లు జీవించి, 1981లో మరణించెను.